మార్కులు ఎవరికి వేశాను?

2018, 2019ల్లో మాడ్రిడ్‌లో ఆన్‌సైట్ ఉన్నప్పుడు నేను బుద్ధిగా చేసిన పని ఒక్కటే. వైన్లకి మార్కులేస్తూ ఎక్సెల్ షీట్ నింపడం. శుక్రవారానికో సీసా. ప్రాంతం ఒక కాలమ్, సంవత్సరం ఒక కాలమ్, రుచి ఒక కాలమ్. రుచి దగ్గర "బ్లాక్‌కరెంట్, బ్లాక్‌బెర్రీ, లెదర్" అని రాసేవాణ్ణి. సీసా వెనక లేబుల్ చూసి దించెయ్యడమే లెండి.

మా టీమ్‌లో రియోహా ప్రాంతం ఆయన ఒకడుండేవాడు. షీట్ చూసి, "నువ్వెప్పుడైనా బ్లాక్‌కరెంట్ తిన్నావా?" అనడిగాడు.

తినలేదు.

ఆ వారం వాళ్ళింట్లో రెండు రియోహా సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టి పోశాడు. నేను తెగ మెచ్చుకుని మార్కులేసింది 2013 క్రియాన్సాకి.. పెదవి విరిచింది 2011 గ్రాన్ రెసెర్వాకి! మొదటిది రెండేళ్ళు మాగితే చాలు, రెండోది అయిదేళ్ళు మాగాలి, అందులో కనీసం రెండేళ్ళు ఓక్ పీపాలో. పైగా అక్కడి నియంత్రణ మండలి 2011కి "ఎక్సలెంట్" ఇచ్చింది, చలీ వానలతో ఏడిపించిన 2013కి ఉత్త "గుడ్". అంతమాత్రాన 2013 గొప్పదని కాదు. నాకు లేత పండు రుచి ఇష్టం, అంతే. కానీ అప్పటిదాకా నేను మార్కులేసింది లేబుల్‌కీ ధరకీ అన్నమాట. కోడ్ రన్ చెయ్యకుండా, రాసినవాడి పేరు చూసి పాస్ చేసే టెస్టర్‌ని తిట్టే హక్కు నాకింక లేదు.

సిగ్గేసి రుచి కాలమ్ మొత్తం డిలీట్ చేశాను. మళ్ళీ మొదలెడితే తెలిసింది, నా నాలుకకి మాటలు ముందే ఉన్నాయని. టెంప్రానియో అంటే నేరేడు పండు. రిబెరా దెల్ దువెరోలోనూ అదే ద్రాక్ష, కానీ ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తున, పగలు ఎండ రాత్రి చలి. అందుకే చిక్కదనం, వగరు ఎక్కువ. ఇంగ్లీషువాడు టానిన్ అని తిప్పలు పడేదానికి మనకి ఉగాది పచ్చడిలోనే మాటుంది! పాతకాలం పద్ధతిలో అమెరికన్ ఓక్‌లో మాగిన రియోహాలో ఎండుకొబ్బరి. సముద్రం పక్కన గలీసియాలో పండే అల్బరీన్యో, ఉప్పద్దిన పుల్లమామిడి ముక్క.

ఇక హెరెస్ ఫీనో. పీపాలో దానిమీద ఈస్ట్ తెట్టు కడుతుంది, గ్లాసులో పులిసిన దోశపిండి వాసన. పాత పీపాలోంచి కొంత తీసి, ఆ ఖాళీలోకి కొత్తది నింపుతూ పోతారు. కాబట్టి మామూలుగా సీసా మీద సంవత్సరం ఉండదు. మా అమ్మ పెరుగు ఏ సంవత్సరం తోడుదో ఎవరు చెప్పగలరు? ఆ కాలమ్ ఖాళీగా వదిలేశాను.

కొత్త షీట్ ఆయనకి చదివి వినిపించాను. "నేరేడంటే?" అన్నాడు. ఫోన్‌లో ఫొటో చూపించాను.

"నేనెప్పుడూ తినలేదే!" అన్నాడు :)