గొడ్లసాలలో వేలాడిన షాఫ్టు

ఈసారి కాఫీ గురించి కాదు, పసుపు గురించి కాదు. నా జీపు గురించి రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది, అది మీరు చేయకూడదని రాస్తున్నాను.

నా బండి మహీంద్రా కమాండర్, ఫోర్ వీల్ డ్రైవ్, ప్యూజో డీజిల్ ఇంజను, పైన రేకు టాపు. 1997 మోడలు. నేను కొనేసరికే సెకండ్ హ్యాండు. మీటరులో అయిదు అంకెలే ఉంటాయి కదా, 99,999 దాటితే మళ్ళీ సున్నాకి వస్తుంది. అలా మూడుసార్లు తిరిగింది. మధ్యలో కేబుల్ తెగి మీటరు పనిచేయని ఏడాది ఒకటుంది, అది లెక్కలో లేదు.

మా ఊరు చింతపల్లి వైపు లోపల కొండ మీద. తారు రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు మట్టి దారి. మధ్యలో గెడ్డ ఒకటి దిగి ఎక్కాలి. ఎండాకాలం ఏ బండైనా వస్తుంది. ముసురు పట్టిందంటే ఆ ఎర్రమట్టి సబ్బులా అయిపోతుంది. నేను ఫోర్ వీల్ బండి కొన్నదే ఆ గెడ్డ కోసం.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఫోర్ వీల్ జీపులో ముందు చక్రాలకు కూడా ఇంజను బలం వెళ్ళడానికి ముందు వైపు ఒక ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. టూ వీల్‌లో నడిపినా నా బండిలో ముందు యాక్సిలూ ఆ షాఫ్టూ ఊరికే తిరుగుతూ ఉండేవి. "అది విప్పేస్తే డీజిల్ కలిసొస్తుంది, క్రాసులు అరగవు" అని సంతలో జీపులోళ్ళు చెప్పారు. చాలామంది అలాగే తిప్పుతారు. నేనూ విప్పేశాను. గొడ్లసాలలో దూలానికి కొక్కెం కొట్టి వేలాడదీశాను. వానలకు ముందు మళ్ళీ బిగిద్దామనుకున్నాను. ఆ ఏడాది బిగించలేదు. పై ఏడాదీ బిగించలేదు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

కలిసొచ్చిందేటో కూడా లెక్క చెప్తాను. లీటరుకు 10 కిలోమీటర్లు వచ్చేది, 10న్నర అయ్యింది. నేను నెలకు 600 కిలోమీటర్లు తిరుగుతాను. అంటే 60 లీటర్లకి బదులు 57. నెలకు మూడు లీటర్లు. ఇప్పటి ధరకు 300 రూపాయలు కూడా నిండదు.

మూడేళ్ళ కిందట, నాకు తమ్ముడు వరసయ్యేవాడి కోడలికి నెలలు నిండాయి. మూడు రోజుల నుంచి ఆగని వాన. రాత్రి పదకొండు గంటలకు తలుపు కొట్టారు. 108కి ఫోన్ చేశాం. తారు రోడ్డు దాకా వచ్చి ఉంటాం, అక్కడికి తీసుకురండి అన్నారు. వెనక సీటు మీద పరుపు వేసి పిల్లని పడుకోబెట్టాం. అత్తగారు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గెడ్డ దిగాం. నీళ్ళు దాటాం. అవతలి గట్టు ఎక్కేటప్పుడు వెనక చక్రాలు తిరిగిపోవడం మొదలెట్టాయి. అలవాటుగా చెయ్యి పక్కనున్న చిన్న రాడ్డు మీదకి పోయింది. ఫోర్ వీల్‌లో వేశాను. క్లచ్ వదిలాను. వెనక చక్రాలే తిరిగాయి. మళ్ళీ తీసి మళ్ళీ వేశాను. అప్పుడు గుర్తొచ్చింది, షాఫ్టు గొడ్లసాలలో ఉంది.

చక్రాల కింద రాళ్ళు వేశాం, కొమ్మలు వేశాం. బండి పక్కకి జారుతోంది గాని ఎక్కలేదు. ఇంకా జారితే గెడ్డలోకి పోతుందని పిల్లని దించేశాం. కుర్రాళ్ళు ఊళ్ళోకి పరిగెత్తి కర్ర, దుప్పటి తెచ్చారు. డోలీ కట్టి మూడు కిలోమీటర్లు మోశారు. నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను. తారు రోడ్డు ఇంకా కొద్ది దూరం ఉందనగా దారిలోనే కాన్పయ్యింది. పైన గొడుగులు పట్టాం. తల్లీ బిడ్డా క్షేమం. 108 వాళ్ళు చింతపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ పిల్లోడు ఇప్పుడు మా వాకిట్లో కోళ్ళని తరుముతున్నాడు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. బండి పాతది కదా, వాన కదా అన్నారు. వారం తర్వాత ఆ అత్తగారు వాళ్ళ ఇంటి ముందు కూర్చుని మామూలుగా ఒక మాట అంది. "పది రోజుల ముందే చింతపల్లిలో మా చెల్లి ఇంట్లో దింపుదామనుకున్నాం బావా. నీ జీపు ఉంది కదాని ఆగాం."

నన్ను తప్పుపట్టాలని అనలేదామె. కానీ నాకు అన్నం సహించలేదు. బండి లేకపోతే వాళ్ళు ముందే జాగ్రత్త పడేవారు. బండి ఉందన్న నమ్మకంతో ఆగారు. అది ఫోర్ వీల్ కాదని నాకొక్కడికే తెలుసు. నేనూ మర్చిపోయాను.

మా వాడు బండి అమ్మేసి సెకండ్ హ్యాండ్ బొలెరో కొందామన్నాడు. మా ఆవిడ ఇంక దాని మీద డబ్బు పెట్టొద్దంది. నర్సీపట్నంలో నాకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఇంజను ముట్టుకోలేదు. చిన్న సుత్తి పట్టుకుని కిందకి దూరి చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోయాడు. కమాన్ కట్టలు బిగించే చోట ఇంకొంచెం గట్టిగా కొట్టాడు. "గణగణ మోగుతోంది, తుప్పు తినలేదు. చాసిస్ బాగుంటే మిగతాదంతా మార్చుకోవచ్చు. డొక్కు మోత వస్తే అమ్ముకోమనేవాణ్ణి" అన్నాడు. పాత బండి మీద డబ్బు పెట్టాలా వద్దా అని ఎవరడిగినా నేను ఇదే మాట చెప్తున్నాను. ముందు చాసిస్ చూడండి.

తర్వాత విప్పుకుంటూ పోయాం. నాలుగేళ్ళు వేలాడిన షాఫ్టు క్రాసులు తుప్పుతో బిగుసుకుపోయాయి. స్లైడింగ్ జాయింటు కదల్లేదు. విప్పే ముందు రెండు ముక్కల మీదా ఉలితో గుర్తు పెట్టాడు మేస్త్రీ. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గుర్తులు కలవాలి, లేకపోతే షాఫ్టు వణుకుతుంది. మీరు ఎవరి చేత విప్పించినా ఈ గుర్తు పెట్టించండి.

ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే చిన్న గేరుబాక్సు, విప్పితే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. నీళ్ళు కలిశాయన్నమాట. ముందు యాక్సిల్‌లోనూ అంతే. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. నడిచి నడిచి యాక్సిల్ వేడెక్కుతుంది. అలా వేడి మీద గెడ్డలో దిగితే చల్లటి నీళ్ళకి లోపలి గాలి కుంచించుకుపోయి బయట నుంచి లాక్కుంటుంది. పైన బ్రీదర్ అని చిన్న మూత ఉంటుంది, గాలి ఆడడానికి. అది మట్టితో మూసుకుపోతే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాగేస్తుంది. ఇంతకాలం గెడ్డ దాటి బండి బాగానే వచ్చిందని సంతోషపడుతున్నాను, లోపల బేరింగులు తుప్పు పడుతున్నాయి.

దీనికి చేసిన మార్పు అన్నిటికన్నా చవకైనది. బ్రీదర్ తీసి అక్కడ గొట్టం తగిలించి బానెట్ లోపల పైదాకా తెచ్చి కట్టాం. కిందకి వంచి పెట్టాం, దుమ్ము పడకుండా. రెండు యాక్సిళ్ళకీ, ట్రాన్స్‌ఫర్ కేసుకీ. ఆ తర్వాత మూడు వానాకాలాలు గడిచాయి. ఆయిలు రంగు మారలేదు.

ఖర్చు రాస్తున్నాను, మీకు అంచనా ఉంటుందని. షాఫ్టు క్రాసులు, కూలి కలిపి 3,200. ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగులు, సీళ్ళు, ఆయిలు 11,500. ముందు చక్రాల దగ్గర కింగ్ పిన్ బేరింగులు, సీళ్ళు 7,800. ఫ్రీ వీల్ హబ్బులు పాతవి జత 9,000. బ్రేకు లైనర్లు, కప్పులు, ఆయిలు 6,500. మొత్తం 38,000. ఆ ఏడాది మిరియాల డబ్బు దీనికే పోయింది. షాఫ్టు విప్పి నాలుగేళ్ళలో నేను మిగిల్చింది ఇప్పటి ధరకైనా 14,000 దాటదు.

ఫ్రీ వీల్ హబ్బుల గురించి చెప్పాలి. ముందు చక్రం మధ్యలో తిప్పే బిళ్ళ ఉంటుంది. ఫ్రీలో పెడితే చక్రం ఒక్కటే తిరుగుతుంది; లోపలి యాక్సిల్, షాఫ్టు ఆగి ఉంటాయి. లాక్ చేస్తే ఫోర్ వీల్‌కి సిద్ధం. అంటే షాఫ్టు విప్పితే వచ్చే లాభం విప్పకుండానే వస్తుంది. నాలుగేళ్ళ కిందటే ఇది పెట్టించి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు. వానాకాలం మొదలవగానే రెండు హబ్బులూ లాక్ చేసి ఉంచుతాను. రాత్రి వానలో దిగి బిళ్ళ తిప్పే పని పెట్టుకోను.

మిగతా కాలంలో కూడా నెలకొకసారి, మొదటి సంత రోజున, హబ్బులు లాక్ చేసి మట్టి దారిలో ఫోర్ వీల్ వేసి నడుపుతాను. లోపల ఆయిలు అన్నిటికీ అందాలి, రాడ్డు బిగుసుకుపోకూడదు. తారు రోడ్డు ఎక్కగానే తీసేస్తాను. ఇలాంటి బండిలో ముందూ వెనకా చక్రాలు ఒకే లెక్కన తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, పొడి తారు మీద జారవు. ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. స్టీరింగు బరువెక్కితే అదే గుర్తు. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలనేది కూడా ఇందుకే. మా వాడు వెనక వెడల్పు టైర్లు వేయిద్దామన్నాడు. వద్దన్నాను.

ఇంకో రెండు మార్పులు చేశాను. లంబసింగి ఘాటులో చలికాలం పొగమంచు మీకు తెలిసిందే. బాగా తెల్లగా వెలిగే లైట్లు పెడితే ఆ వెలుగు మంచుకి తగిలి మన కళ్ళలోకే వస్తుంది. పసుపు లైట్లు రెండు బంపరు మీద కిందగా పెట్టించాను, రిలే వేయించి. రిలే లేకుండా వైరు కలిపితే స్విచ్చి కాలిపోతుంది. రెండోది రేడియేటర్‌లో కూలెంటు. గెడ్డ నీళ్ళు పోయడం మానేశాను. ఆ నీళ్ళతో లోపల తుప్పు, అడుగున మడ్డి.

బ్రేకు ఆయిలు రెండేళ్ళకొకసారి మారుస్తున్నాను. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఘాటు దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కితే ఆ తేమ ఆవిరై పెడలు మెత్తగా లోపలికి పోతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఇది పెద్దవాళ్ళు చెప్పిన మాటే, కుర్రాళ్ళకి మళ్ళీ చెప్పండి.

కాగితాల సంగతి కూడా. సొంత బండికి 15 ఏళ్ళ తర్వాత రిజిస్ట్రేషను అయిదేళ్ళకొకసారి తిరిగి చేయించాలి. 20 ఏళ్ళు దాటిన ఇలాంటి బండికి ఆ ఫీజు 2025 ఆగస్టులో కేంద్రం 10,000 చేసింది. నాది 2027లో ఉంది. ఇప్పటి నుంచే పక్కన వేస్తున్నాను. ఆ డబ్బు కట్టే స్తోమత లేని రోజున అమ్మేస్తాను. గొడ్లసాలలో వేలాడదీసి మాత్రం ఉంచను.

మీలో చాలామందికి జీపు లేదు. ఫోర్ వీల్ మినీ ట్రాక్టరో, బొలెరోనో, మందు కొట్టే పవర్ స్ప్రేయరో ఉంటుంది. ఏదైనా సరే, ఊళ్ళో ఒకరికి ఒక వస్తువు ఉందంటే పదిమంది దాన్ని లెక్కలో వేసుకుంటారు. మనకి చెప్పరు. మనసులో వేసుకుంటారంతే. అది పనిచేయకపోతే ముందే చెప్పేయాలి. నా బండి ఈ వానాకాలం గెడ్డ ఎక్కదు అని ఆ రోజు నేను ఒక్కసారి రామాలయం దగ్గర అని ఉంటే చాలు, ఆ పిల్ల చింతపల్లిలో మంచం మీద కనేది.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరికి నెలలు నిండుతున్నా నేనే వెళ్ళి చెప్తున్నాను. బండి బాగుంది, హబ్బులు లాక్ చేసి ఉన్నాయి, అయినా పది రోజుల ముందే కిందకి దిగిపోండి, నేను దింపుతాను, డీజిల్ కూడా అడగను అని. ఇప్పటికి అయిదుగుర్ని దింపాను. అందరూ పగలే, ఎండలోనే.

రేపు పొద్దున్న పని మొదలెట్టే ముందు ఒకసారి మీ బండి కిందకి దూరి చూడండి. ఏం విప్పేసి మర్చిపోయారో చూడండి. చూసి కింద రాయండి. నాకు తెలిసింది చెప్తాను, తెలియనిది మేస్త్రీని అడిగి చెప్తాను.

ఉంటాను.