ఉట్నూరునకు కొనిపోయిన చిల్లర సంచి

కరీంనగరమునుండి జగిత్యాల, ధర్మపురి, లక్షెట్టిపేట, జన్నారముల మీదుగా ఉట్నూరు చేరితిమి. రాయపట్టణము వంతెనపై బస్సు గోదావరిని దాటును. వేసవియగుటచే నీటికంటె నిసుకయే యెక్కువ. జన్నారము విడిచినది మొదలు టేకుచెట్లే. 2012లో పులుల సంరక్షణకేంద్రముగా నేర్పడిన కవ్వాల్ అడవి యిదియే. పిల్లలందఱు కిటికీల కంటుకొని పులికై చూచిరి. పులికి బస్సులు చూచుటకంటె వేఱుపని లేదా!

మా యొడిలో నొక సంచి యుండెను. హైదరాబాదు కోఠీలోని గుజరాతీగల్లీలో రేడియో విడిభాగముల దుకాణములు గలవు. అచ్చట మిగులు సరకును కలగలుపుగా మూటగట్టి అగ్గువకిచ్చిరి. లోన నేమున్నదో విప్పినగాని తెలియదు.

ఉట్నూరులో మా చిన్నమ్మ యున్నది. గోండుగూడెముల బడులలో పంతులమ్మగా నుండి ఆ భాష నేర్చినది. ఆకాశవాణి ఆదిలాబాదు కేంద్రమువారి గోండిపాటలు వినక యామెకు ప్రొద్దుపోదు. రేడియోలో పాటకంటె రొద యెక్కువ కాగా, మరమ్మతువాడొకడు పాతసామానులకు వేయుమనెనట.

“మీ చిన్నాయిన పెన్షను పైసలతోని కొన్నడు బిడ్డా, ఎట్ల అమ్ముత?” అని చిన్నమ్మ యనెను.

సంచిని చేటలో గ్రుమ్మరించి, బియ్యములో రాళ్ళేఱినట్లు ఏఱితిమి. విద్యున్నిరోధకములపై రంగుగీతలే లెక్క: గోధుమ 1, నలుపు 0, ఎఱుపు 2. మూడవగీత సున్నల సంఖ్య తెలుపును. గోధుమ, నలుపు, ఎఱుపు వరుసగా నున్నచో 1000 ఓములు. “గాజుల జోడు చూసినట్టే ఉన్నది” అని చిన్నమ్మ మురిసి, తానును ఏఱుటకు గూర్చుండెను.

బ్యాటరీలతో పాడునపుడు రొద లేదు, గోడకరెంటుతోనే వచ్చును. మా పెద్దమ్మాయి పాలిటెక్నిక్కు విద్యార్థిని. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములు గలదనియు, దానిని సరిదిద్దిన పిదప మిగులు ఒడుదుడుకులను కెపాసిటరు అణచుననియు, అందలి ద్రవము ఏండ్లకు ఎండిపోవుననియు జెప్పెను. తీగ పెరికి, డబ్బా విప్పి చూడగా పాతది 470 మైక్రోఫారడ్లు, 16 వోల్టులది. చేటలో 470కి 25 వోల్టులది దొరకెను. వోల్టులెక్కువైన చెల్లును, తక్కువైనను, ఋణపుకొన తాఱుమాఱైనను పగులును. పొరుగింట దెచ్చిన టంకపుకడ్డీతో పిల్ల దానినతికినది. రొద పూర్తిగా బోలేదు. వంటయింటిలోనికి వినబడనంతగా దగ్గెను.

సాయంకాలము గోండి యాడువారు నలుగురు రాంరామనుచు అరుగుపై జేరిరి. పాట మొదలైనది. అర్థమడుగగా చిన్నమ్మ మావంక జూడకయే, ముగియువఱకు ఊరకుండుడని చేయి యూపెను.