బూట్ల అరపై తెలుగు పేరు

శిక్షణ నిమిత్తం మేము సకుటుంబంగా జపాన్‌లోని కితాక్యూషూలో కొంతకాలం నివసించాము. 1901లో యవాతా ఉక్కు కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది అక్కడే. అయినా మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది మా అమ్మాయి చదివిన పాఠశాల. విద్యార్థులు ద్వారం వద్దే బూట్లు మార్చుకుంటారు. తరగతి గదులను తామే శుభ్రం చేస్తారు.

జపాను భాషలో ‘ల’, ‘ర’లకు భేదం లేదు. అమ్మాయి పేరులోని ‘ల’కారం ‘ర’కారమైంది. పదమూడేళ్ల పిల్ల, “అందరిలా ఉంటే చాలు నాన్నా” అంటూ బడికి బొట్టు కూడా మానేసింది. మేము నొచ్చుకున్నాము.

ఒకనాడు గది తుడుస్తూ తోటి బాలిక పేరు అసలు ఉచ్చారణ అడిగిందట. ఇద్దరూ నవ్వుకుంటూ సాధన చేశారట. మరునాడు బూట్ల అరపై జపాను లిపి కింద తెలుగు అక్షరాలూ వెలిశాయి. బొట్టు మాత్రం ఇంటికే పరిమితమైంది. ఆ రెండు నిర్ణయాలూ ఆమెవేనని అంగీకరించడానికి మాకే కొంతకాలం పట్టింది.