ఒక వరి జన్యువు, దాని సైటేషన్లు

ఒక పరిశోధన పత్రాన్ని ఆ తర్వాత వెలువడిన ఎన్ని పత్రాలు తమ ఆధారాల్లో పేర్కొన్నాయో లెక్కిస్తే వచ్చేదే సైటేషన్ల సంఖ్య. ఒక శాస్త్రవేత్త మొత్తం కృషిని ఒకే అంకెలో చెప్పడానికి భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు. ఇరవయ్యేసి సైటేషన్లకు తగ్గకుండా ఉన్న పత్రాలు ఇరవై ఉంటే ఆ సూచిక 20. జీవితమంతా రాసింది ఒకే పత్రమైతే, దానికి అయిదు వేల సైటేషన్లు వచ్చినా సూచిక 1 దాటదు.

అమెరికా ల్యాబుల్లో పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధకులుగా పనిచేసే తెలుగు పోస్ట్‌డాక్‌లకు ఈ అంకెలతో బతుకే ముడిపడి ఉంటుంది. భారత్‌లో పుట్టినవారు ఈబీ-2 వరుసలో గ్రీన్‌కార్డు కోసం పదేళ్లకు పైగా ఎదురుచూడాలి. అసాధారణ ప్రతిభ కింద ఈబీ-1కు వెళ్లాలంటే, పెద్ద అంతర్జాతీయ పురస్కారమేదీ లేనివారు పది ప్రమాణాల్లో కనీసం మూడింటికి రుజువులు చూపాలి. వాటిలో ఒకటి, తన రంగానికి అందించిన ముఖ్యమైన కొత్త చేర్పు. ఇన్ని సైటేషన్లు ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు. అయినా సైటేషన్లు చూపే గూగుల్ స్కాలర్ పేజీ ప్రింటు చాలా దరఖాస్తుల వెంట వెళ్తుంది. ఇంట్లో పిల్లల చదువు, ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నట్టే ఉంటుంది.

ఒక అంకె పక్కన మరో అంకె పెట్టి పోల్చడం మాత్రం అన్యాయం. ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క అరబిడాప్సిస్ రెండు నెలల్లోపే విత్తనమిస్తుంది. వరికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. పూలను అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా ద్రావణంలో ముంచి అరబిడాప్సిస్‌లోకి జన్యువును పంపే పద్ధతిని క్లఫ్, బెంట్ 1998లో ప్రచురించారు. ఆ పద్ధతి వాడినవారంతా దాన్ని పేర్కొంటారు కాబట్టి దాని సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. ఏళ్లు వెచ్చించి ఒక తెగులు రహస్యం విప్పిన పత్రానికి అందులో పదో వంతు రాకపోవచ్చు. రెండూ అవసరమే, కానీ అవి చేసిన పని వేరు.

అంకె వెనకాల ఏముంటుందో చూడాలంటే ఎక్స్‌ఏ21 జన్యువు కథ చక్కగా సరిపోతుంది. మాలి దేశపు అడవి వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గుర్‌దేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. ఆ శక్తినిచ్చే ఎక్స్‌ఏ21 జన్యువును వేరుచేసి 1995లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రోనాల్డ్ బృందం. అది తయారుచేసే ప్రోటీన్ కణం పైపొరలో కావలి కాస్తుంది: వెలుపలి భాగం శత్రువును గుర్తుపడుతుంది, లోపలి భాగం కణానికి ఆ కబురు అందిస్తుంది. మొక్కల రోగనిరోధక శక్తి గురించి ఆ తర్వాత వచ్చిన ఎన్నో పత్రాలు దీన్ని పేర్కొన్నాయి.

దాని ఫలితం తెలుగు నేలకూ చేరింది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, రైతులు బీపీటీ అని పిలుచుకునే 5204, అన్నానికి ఎంత మంచిదో ఎండాకు తెగులుకు అంత లొంగేది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఎక్స్‌ఏ21తో పాటు మరో రెండు నిరోధక జన్యువులను సంకరం ద్వారా, డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో అందులో చేర్చాయి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఆ విత్తనం చల్లిన రైతు ఏ పత్రాన్నీ పేర్కొనడు. ఈ రంగంలో తనకు అన్నిటికన్నా గొప్పగా తోచే సైటేషన్ ఆ రైతు చల్లిన విత్తనమేనని ఒక తెలుగు పరిశోధకుడు అనుకుంటే తప్పు పట్టలేం.

ఇదే జన్యువు మీద మరో పరీక్షా వచ్చింది. ఎక్స్‌ఏ21 గుర్తుపట్టే బ్యాక్టీరియా అణువును కనుగొన్నామని రోనాల్డ్ బృందం 2009లో ప్రకటించింది. ల్యాబుకు కొత్తగా వచ్చినవారికి ఆ ఫలితం మళ్లీ రాలేదు. వెతికితే బ్యాక్టీరియా నమూనాల పేర్లలో తప్పు దొర్లిందని తేలింది. 2013లో ఆ పత్రాన్ని, దాని వెంట వచ్చిన 2011 నాటి పత్రాన్ని బృందమే ఉపసంహరించి, జరిగింది బహిరంగంగా చెప్పింది. రాక్స్‌ఎక్స్ అనే అసలు అణువును 2015లో ప్రచురించింది. ఉపసంహరించిన పత్రానికి అప్పటిదాకా వచ్చిన సైటేషన్లు లెక్కలోంచి తొలగిపోవు. తప్పును ఒప్పుకున్న ధైర్యానికి ఆ లెక్కలో గడీ లేదు.