లీటరు డీజిలుకి ఎన్ని మామిడికాయలు?

‘బండి ఎంతిస్తుంది?’... కొత్త బండి కనిపిస్తే ఎవరైనా ముందు అడిగే ప్రశ్న ఇదే. మామిడి సీజన్‌లో బాపులపాడు వైపు వెళ్తే మాత్రం ‘లీటరుకి ఇన్ని కిలోమీటర్లు’ అన్న జవాబు సరిపోదు. శక్తి, బరువు, మైలేజీ... ఈ మూడింటి మధ్య ఇక్కడ రోజూ ఓ పంచాయితీ నడుస్తుంది. అందులో తీర్పు చెప్పేది ఇంజను కాదు, మామిడికాయ!

ఆంజనేయస్వామి సంజీవని కోసం ఏకంగా పర్వతాన్నే ఎత్తుకొచ్చాడు. ఆయనకి డీజిలు ఖర్చు లేదు, నెలనెలా వాయిదాలు లేవు, దారిలో ఆపి కాటా వేయించేవాళ్లూ లేరు. ఆ స్వామి పేరు పెట్టుకున్న హనుమాన్ జంక్షన్‌లో వేసవి పొద్దున్నే నిలబడి చూడండి. అంత అదృష్టం లేని చిన్న చిన్న హనుమంతులు బారులు తీరి కనిపిస్తాయి. టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు, దోస్త్‌లు, ట్రాక్టర్లు. అన్నిటి వీపుల మీదా మామిడే.

బాపులపాడు అంటే దూరప్రాంతాల వాళ్లకి చప్పున తెలియకపోవచ్చు. హనుమాన్ జంక్షన్ అంటే తెలియనివాళ్లు తక్కువ. 2001లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. బాపులపాడు మండలంలోని ఈ కూడలి నుంచి ఓ దారి విజయవాడకి, ఓ దారి ఏలూరుకి, ఓ దారి గుడివాడకి, మరోటి నూజివీడుకి పోతాయి. ఇంకో తమాషా ఏంటంటే, నూజివీడు పేరున్న రైల్వేస్టేషన్ నూజివీడులో లేదు, ఇక్కడ ఉంది! రైలు దిగినవాళ్లు ఊరు చేరాలంటే పదిహేను కిలోమీటర్లకు పైనే రోడ్డు మీద పోవాలి. 2022లో జిల్లాల్ని విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్లింది, బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది. మామిడికి మాత్రం ఈ సరిహద్దులు పట్టవు.

నేల కూడా ఇక్కడే రంగు మారుతుంది. దక్షిణాన గుడివాడ వైపు నల్లమట్టి, వరిచేలు, కాలువలు. ఉత్తరాన నూజివీడు వైపు ఎర్రమట్టి, మెట్ట, తోటలు. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసం, పెద్దరసం... తోట నుంచి కాయ బయల్దేరిందంటే ఏదో ఒక బండి ఎక్కాల్సిందే. ఏ బండి అన్నదే అసలు సమస్య.

బండలాగుడు పాఠం

ముందు తోటలోకి వెళ్దాం. తెల్లవారుజామునే జట్టు కూలీలు దిగుతారు. చిక్కాలతో కాయ కోస్తారు. సొన కాయ మీద పడితే మచ్చలొస్తాయి కాబట్టి తొడిమ దగ్గర జాగ్రత్త. కోసిన కాయని నీడలో పోగేసి, ట్రేలకెత్తుతారు. అక్కణ్నుంచి రోడ్డు దాకా వదులు మట్టి బాట, గట్లు, గుంటలు. ఈ దారిలో చాలాచోట్ల ట్రాక్టరుదే రాజ్యం. ‘ట్రక్కు’ అంటే పట్నంలో లారీ గుర్తొస్తుందేమోగానీ ఈ ఊళ్లలో ట్రాక్టరు వెనక తగిలించేదే ట్రక్కు.

ఇక్కడే ఓ అనుమానం రావాలి. పికప్ వ్యాన్ ఇంజనుది 75 హార్స్‌పవర్ ఉంటే, మామూలు సేద్యపు ట్రాక్టరుది 40, 50కి మించదు. మరి తక్కువ శక్తి ఉన్న ట్రాక్టరు టన్నులకి టన్నులు ఎలా లాగుతోంది? పికప్ టన్నున్నరకే ఎందుకు చాలంటోంది?

జవాబు మన బండలాగుడు పోటీల్లోనే ఉంది. ఒంగోలు గిత్తల జత పరుగుపందెంలో గుర్రంతో గెలవలేదు. కానీ కదలని బండని కదిలించాలంటే గుర్రం పనికిరాదు, గిత్తలే కావాలి. ఇంజన్లోనూ ఈ రెండు గుణాలుంటాయి. చక్రాన్ని తిప్పే బలం టార్క్. ఆ బలంతో ఎంత చురుగ్గా పని పూర్తిచేస్తుందో చెప్పేది హార్స్‌పవర్. ఒకే శక్తిని గేర్ల ద్వారా రెండు రకాలుగా వాడుకోవచ్చు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు చక్రం దగ్గర ఉండే బలం కంటే, అదే శక్తితో 10 కిలోమీటర్ల వేగంతో నడిస్తే దాదాపు ఆరు రెట్ల బలం దొరుకుతుంది. ట్రాక్టరు చేసేది అదే. వేగం వదులుకుని బలం కొనుక్కుంటుంది. రెండు టన్నుల సొంత బరువు, నేలని పట్టుకునే పెద్ద టైర్లు దానికి తోడు. అందుకే ట్రాక్టరు గురించి లీటరుకి ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు. గంటకి ఎన్ని లీటర్లు తాగుతుందని అడుగుతారు.

లాగడం, మోయడం ఒకటి కాదన్నది ఇంకో విషయం. లాగే బండిలో సరుకు బరువు చాలావరకు వెనక ట్రక్కు చక్రాల మీదే ఉంటుంది. మోసే బండిలో ప్రతి కిలో దాని కమాన్ కట్టల మీదే పడుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి పికప్‌ల గురించి చెబితే నోరెళ్లబెడతాం. 2019 మోడల్ ర్యామ్ 3500లో కమిన్స్ డీజిల్ ఇంజను పెద్ద రకానిది 400 హార్స్‌పవర్. తగిన ట్రైలరుంటే దాదాపు 16 టన్నులు లాగగలదని కంపెనీ ప్రకటించింది. అంత బరువునీ అది వీపున మోయదు. ట్రైలరు భారంలో పదో వంతు నుంచి నాలుగో వంతు వరకే దాని మీద వాలుతుంది. అక్కడ పికప్ పడవల్నీ గుర్రాల ట్రైలర్లనీ లాగుతుంది. మన దగ్గర లాగే పని ట్రాక్టరుది, మోసే పని పికప్‌ది. కాబట్టి మన పికప్‌కి ఆ ఇంజను పెడితే మిగిలేది డీజిలు బిల్లే!

ఏనుగు నుంచి దోస్త్ దాకా

రోడ్డెక్కాక ట్రాక్టరు సంగతి తేలిపోతుంది. నలభై కిలోమీటర్లు నడిచేసరికి పొద్దెక్కుతుంది, ఎండకి కాయ వాడుతుంది. అక్కడ పికప్ కావాలి.

1986లో టాటా 407 వచ్చాక చిన్న లారీ అనేది మన ఊళ్లకి అలవాటైంది. కానీ రెండెకరాల తోట ఉన్న రైతుకి అదీ ఎక్కువే. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. మోసేది ముప్పావు టన్ను. ‘చోటా హాథీ’ అని ముద్దుపేరు తెచ్చుకున్న ఈ బుల్లి ఏనుగు, సందుల్లోకీ తోటల్లోకీ దూరిపోయింది. ఆటో డ్రైవర్లు ఎందరో దాంతో బండి ఓనర్లయ్యారు. 2011లో అశోక్ లేలాండ్ టన్నుంబావు మోసే దోస్త్‌ని తెచ్చింది. ఆ కంపెనీ బస్సుల ఫ్యాక్టరీ ఇప్పుడు బాపులపాడు మండలంలోని మల్లవల్లి పారిశ్రామికవాడలోనే ఉంది. 2025 మార్చిలో ప్రారంభమైంది.

వీటికి పైమెట్టు మీద బొలెరో పికప్. బాగా వాడుకలో ఉన్న రకంలో 2,523 సీసీ డీజిల్ ఇంజను, 75 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్. ఇందులో గమనించాల్సింది 75ని కాదు, ఆ 200 ఎక్కడ దొరుకుతుందన్నది. నిమిషానికి 1,400 చుట్ల దగ్గరే మొదలై 2,200 దాకా నిలకడగా ఉంటుంది. అంటే ఇంజను అరవకుండానే బలం దొరుకుతుంది. నిండు లోడుతో గట్టెక్కాలంటే యాక్సిలరేటర్ అదిమితొక్కక్కర్లేదు. మైలేజీ రహస్యం సగం ఇక్కడే ఉంది. ఆ చుట్ల మధ్యలో బండిని నడిపే డ్రైవరుకి, కింది గేర్లో రొద పెట్టించే డ్రైవరుకి ఒకే బండి వేరువేరు మైలేజీలిస్తుంది.

మన రాష్ట్రంలోనే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. వాటిలో వీ-క్రాస్ 1.9 లీటర్ల డీజిల్ ఇంజను 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. బొలెరో పికప్‌కి రెట్టింపు శక్తి! కుటుంబంతో కొండలెక్కేవాళ్లకి ముచ్చటైన బండి. మామిడి కిరాయికి మాత్రం ఎవరూ దాన్ని కొనరు. కొన్న డబ్బు తిరిగి తెచ్చేది ఇంజను శక్తి కాదు, వెనక తొట్టిలో పట్టే ట్రేలు.

వేళ్ల మీద లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. జంక్షన్ నుంచి నలభై కిలోమీటర్ల దూరంలోని మార్కెట్‌కి కాయ వెళ్లాలనుకుందాం. చిన్నబండి ముప్పావు టన్ను వేసుకుని లీటరుకి 18 కిలోమీటర్లు, ఖాళీగా తిరిగొస్తే 22 ఇస్తుందనుకుందాం. రానూపోనూ నాలుగు లీటర్లు. పికప్ టన్నున్నర వేసుకుని 12, ఖాళీగా 15 ఇస్తుందనుకుందాం. రానూపోనూ ఆరు లీటర్లు. ‘ఎంతిస్తుంది?’ అనడిగితే చిన్నబండే గెలిచింది.

ఒక్క కాయ 400 గ్రాములు తూగుతుందనుకుని మళ్లీ లెక్కేద్దాం. చిన్నబండిలో వెళ్లినవి 1,875 కాయలు. లీటరుకి దాదాపు 470. పికప్‌లో వెళ్లినవి 3,750. లీటరుకి 625! ఇప్పుడు పికప్ గెలిచింది. ఆగండి, అదే పికప్‌లో సగం లోడే దొరికితే? బరువు తగ్గింది కాబట్టి మైలేజీ 14కి పెరిగిందనుకున్నా, లీటరుకి 340 కాయలే. చిన్నబండికంటే చాలా తక్కువ.

అంటే పెద్దబండి మంచిదా, చిన్నబండి మంచిదా అన్న ప్రశ్నకి జవాబు షోరూములో దొరకదు. రోజూ ఎంత సరుకు దొరుకుతుందో, తిరుగు ప్రయాణంలో ఏం దొరుకుతుందో తెలిస్తేనే దొరుకుతుంది. బ్యాంకు వాయిదా పన్నెండు నెలలూ కట్టాలి. మామిడి మాత్రం మూడు నెలల ముచ్చట. మిగతా తొమ్మిది నెలలూ ధాన్యం, మొక్కజొన్న, ఆయిల్‌పామ్ గెలలు, కొల్లేటి వైపు చేపల మేత... ఏది దొరికితే అది మోయాలి. కాబట్టి సీజన్ నాటి గిరాకీ చూసి పెద్దబండి కొంటే, సంక్రాంతి నాటికి అది ఇంటిముందు ఖాళీగా నిలబడుతుంది.

కాయ ఒప్పుకోదు

‘మరి పికప్‌లో రెండున్నర టన్నులు వేసేస్తే?’ లీటరు లెక్కలో లాభమే కనిపిస్తుంది. ఆ లాభాన్ని క్లచ్ ప్లేటు, టైర్లు, కమాన్ కట్టలు కొంచెం కొంచెంగా తినేస్తాయి. బరువు పెరిగిన కొద్దీ బ్రేకు మీద భారం అంతే పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ భారం నాలుగు రెట్లవుతుంది. పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ మరో 2 వేలు. ఎన్ని కిరాయిలు కలిస్తే ఆ డబ్బు!

అన్నిటికంటే పెద్ద కాపలాదారు మామిడికాయే. సిమెంటు బస్తా ఏమీ అనదు. కాయ అలా కాదు. ఎత్తుగా పేరిస్తే అడుగు వరస నలుగుతుంది. గుంతలో బండి ఎగిరితే దెబ్బ పైకి కనిపించదు, మగ్గాక నల్లగా తేలుతుంది. గ్రేడు తగ్గిందంటే, డీజిల్లో మిగిలిందంతా కాటా దగ్గర పోతుంది. అందుకే అడుగున వరిగడ్డి పరుస్తారు, ట్రేలు వాడతారు, గుంతల దగ్గర బండిని నడిపించినట్టే తీసుకెళ్తారు.

వేగం సంగతీ అంతే. గంటకి 60 నుంచి 80కి పెంచితే, ఎదురుగాలి అడ్డుకునే బలం దాదాపు 80 శాతం పెరుగుతుంది. పికప్ ముఖమేమో గోడలా ఉంటుంది! నలభై కిలోమీటర్ల మీద మిగిలేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి డీజిలూ ఎక్కువే, కాయకి కుదుపులూ ఎక్కువే. మామిడికి మంచిదైన వేగమే మైలేజీకీ మంచిది కావడం డ్రైవరు అదృష్టం.

కొత్త బండ్లకి కొత్త మర్యాద కూడా ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలొచ్చాయి. డీజిలు బండ్ల పొగ గొట్టాల్లో మసిని పట్టే ఫిల్టర్లు చేరాయి. ఆ మసి కాలి శుభ్రపడాలంటే పొగ బాగా వేడెక్కాలి, బండి నిలకడగా కొంతదూరం పరిగెత్తాలి. కూడలిలో ఇంజను ఆపకుండా గంటలకొద్దీ నిలబెట్టి కబుర్లు చెప్పుకునే పాత అలవాటు డీజిలునే కాదు, ఫిల్టరునీ తినేస్తుంది.

ఈ వేసవిలో బంగినపల్లి కోసి, మొదటి ముక్క నోట్లో పెట్టుకునేటప్పుడు ఓసారి గుర్తుచేసుకోండి. అది మచ్చ లేకుండా మీ ఇంటిదాకా వచ్చిందంటే, ఎక్కడో ఎర్రమట్టి బాట మీద ఓ డ్రైవరు ఇంకో పది ట్రేలు వేయగలిగీ వేయలేదు, ఇంకాస్త తొక్కగలిగీ తొక్కలేదు. బండికి ఎంత శక్తి ఉందో కంపెనీ చెబుతుంది. అందులో ఎంత వాడకూడదో అతనికే తెలుసు.

ఎలా వెళ్లాలి?

విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణిస్తే హనుమాన్ జంక్షన్. బస్సులు విరివిగా ఉంటాయి. రైల్లో వచ్చేవాళ్లు ‘నూజివీడు’ స్టేషన్‌లో దిగాలి. విమానంలో అయితే గన్నవరం దగ్గర. తోటలు చూడాలంటే నూజివీడు రోడ్డు పట్టుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచి సమయం. పొద్దున్నే వెళ్తే కోత చూడొచ్చు. విజయవాడ శివార్లలోని నున్న మామిడి మార్కెట్ కూడా చూస్తే ప్రయాణం పూర్తయినట్టే. రుచి చూడకుండా మాత్రం తిరిగి రాకండి!