ఎస్-మీటరూ, జాతిరాయి ఉంగరమూ

జాతిరాయి ఉంగరం పెట్టాక కలిసొచ్చిందనే మిత్రుణ్ణి చాలాసార్లు ఆటపట్టించాను. చివరికి నేనూ అలాగే దొరికిపోయాను.

నా 7 మెగాహెర్ట్జ్ రిసీవర్‌కి జె310 ప్రీయాంప్లిఫయర్ ఉండేది. దాని బదులు ఖరీదైన గాలియం ఆర్సెనైడ్ ఫెట్ ఎంజీఎఫ్1302తో ఇంకోటి కట్టాను. ఎస్-మీటర్ ముల్లు లేచింది. "ఎంత స్పష్టంగా ఉందో!" అని తోటి హ్యామ్‌తో గొప్పలు పోయాను. ఆయన వాదించలేదు. రెంటినీ ఓ స్విచ్‌కి కలిపి, శబ్దం సమానం చేసి, నా వెనక కూర్చుని మారుస్తూ "ఇది ఏది?" అని అడిగాడు. 20 సార్లలో 11 సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసూ వేసినా అంతే వచ్చేది!

7 మెగాహెర్ట్జ్‌లో ఎక్కడెక్కడి పిడుగుల గోల, ఊళ్ళో కరెంటు సామాన్ల గోల యాంటెన్నా నుంచే వస్తాయి. ట్రాన్సిస్టర్ సొంత గోల అందులో ఎప్పుడో మునిగిపోయింది. ముల్లుని లేపింది గెయిన్. మాటతోపాటు గోలా పెరిగింది. 144 మెగాహెర్ట్జ్‌లో ఆకాశం చాలా నిశ్శబ్దం కాబట్టి అక్కడ మంచి ట్రాన్సిస్టర్‌కి విలువుంది. అదీ యాంటెన్నా పక్కనే పెడితే. గదిలో పెడితే, కేబుల్లో పోయిన ప్రతి డెసిబెల్లూ నాయిస్ ఫిగర్‌కి కలుస్తుంది.

ఎంజీఎఫ్‌ని డాబా మీదకి ఎక్కించి, స్విచ్ పరీక్ష మళ్ళీ పెట్టించుకున్నాను. బలహీనమైన సిగ్నల్ మీద, అది ఉన్నప్పుడూ లేనప్పుడూ: 20కి 19.

ఉంగరం మిత్రుడికి మాత్రం ఇంకా చెప్పలేదు.