నల్లకోటు

తిరుపతి కోర్టు బయట స్కూటర్ అద్దానికి తగిలించిన నల్లకోటు కనబడితే నాకు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గుర్తొస్తారు. 1891లో పక్కనే తిరుచానూరులో పుట్టారు. కొన్నాళ్లు లెక్కల మాస్టారు, ఆపైన వకీలు. పాత తీర్పులన్నీ నోటికే వచ్చేవట, నడిచే న్యాయకోశమని పేరు. ఒక పక్షాన నిలబడి వాదించడమే వృత్తిగా బతికిన మనిషి, 1956లో మావలంకర్ తర్వాత లోక్‌సభ స్పీకరై ఏ పక్షమూ లేని కుర్చీలో కూర్చున్నారు. నాలుక చివరిదాకా వచ్చిన వాదనను దిగమింగుకోవడం ఎంత కష్టమో, వకీళ్లకే తెలియాలి! ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడమే ఉదారవాదంలో ఓనమాలేమో అనిపిస్తుంది. 1962లో ఆయన బీహార్ గవర్నరుగా వెళ్లారు. దాంతో ఖాళీ అయిన ఆయన చిత్తూరు లోక్‌సభ స్థానాన్ని ఉప ఎన్నికలో గెలుచుకున్నది ప్రతిపక్ష స్వతంత్ర పార్టీ నాయకుడు ఎన్.జి. రంగా.